300+300 వాట్ల డబ్బా, 2×50 వాట్ల ఆంప్లిఫయర్: ఏ అంకెను నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ. వైజాగ్ ఎంవీపీ కాలనీలో 12×14 అడుగుల హాలు. 6 ఓంలు, 86 డెసిబెళ్లు అని వెనక రాసి ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత ఇప్పటికే ఉంది. వాటికి టీవీ, రికార్డ్ ప్లేయర్ రెండూ కలపాలి. వీలైతే భోజనాల గదిలో పాత స్పీకర్ల జత కూడా పలకాలి. చూసిన ఆంప్లిఫయర్లు మూడు: కంపెనీది 2×50 వాట్లు, ఆన్‌లైన్‌లో దొరికే అరచేతంత డబ్బా 300+300 వాట్లు, ఊళ్లో మెకానిక్ కట్టి ఇస్తానన్నది 200 వాట్లు. అన్నిటికంటే వాట్లు తక్కువున్నదానికే ధర ఎక్కువేమిటని మీ సందేహం. టీహెచ్‌డీ, డాంపింగ్ ఫాక్టర్, ఫోనో, ప్రీ అవుట్, లౌడ్‌నెస్, సోర్స్ డైరెక్ట్ అంటే ఏమిటని కూడా అడిగారు.

ముందు వాట్ల సంగతి తేలుద్దాం. దానికి కరపత్రం అక్కర్లేదు, కరెంటు సరఫరా చూస్తే చాలు. ఆంప్లిఫయర్ కొత్తగా శక్తిని పుట్టించదు. లోపలికి వచ్చిన వోల్టేజీని పాట ఆకారంలో స్పీకర్‌కి పంచుతుంది, అంతే.

మెకానిక్ చెప్పినది 12-0-12 (మధ్య తీగ నుంచి అటూ ఇటూ 12 వోల్టులు ఇచ్చేది), 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ అన్నారు. 12 వోల్టుల ఏసీని డయోడ్లు, కెపాసిటర్లతో డీసీ చేస్తే 12ను 1.414తో హెచ్చించి, డయోడ్ మింగేది తీసేస్తే అటూ ఇటూ 16 వోల్టులు వస్తుంది. గట్టిగా పాడించినప్పుడు అది 15కి కుంగుతుంది. అందులో ఐసీగానీ ట్రాన్సిస్టర్లుగానీ రెండు వోల్టులు తమ దగ్గరే ఉంచుకుంటాయి. మిగిలింది 13. దాని వర్గం 169. దాన్ని స్పీకర్ ఓంలకు రెట్టింపుతో, అంటే 12తో భాగిస్తే 14 వాట్లు. ఒక్కో ఛానెల్‌కి 14. బోర్డు మీద ఏ ఐసీ ఉన్నా, ఎంత పెద్ద హీట్‌సింక్ బిగించినా ఈ లెక్క మారదు. ఆ 200 అనేది పీఎంపీవో (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్). దానికి ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు కాబట్టి ఎవరికి తోచింది వారు రాసుకోవచ్చు. అదే మెకానిక్‌ను 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్‌తో, ఆ వోల్టేజీకి తట్టుకునే బోర్డుతో కట్టమంటే 8 ఓంలకు 50 వాట్లు నిజాయితీగా వస్తాయి. చేతిపని బాగుంటే అది తీసిపారేయాల్సిన వస్తువేమీ కాదు.

ఆన్‌లైన్ డబ్బా లెక్క ఇంకా సులువు. దాంతో వచ్చే అడాప్టర్ మీద 24 వోల్టులు, 4.5 ఆంపియర్లు అని ఉంటే మొత్తం 108 వాట్లు. రెండు ఛానెళ్లకూ కలిపి అంతకు మించి నిలకడగా రావడానికి దారే లేదు. ఈ డబ్బాల్లో ఔట్‌పుట్ బ్రిడ్జి పద్ధతిలో ఉంటుంది, అంటే స్పీకర్‌కి రెండు వైపుల నుంచీ తోపు. కనుక 24 వోల్టులూ దాదాపు అందుతాయి. 22.5 వర్గాన్ని 12తో భాగిస్తే సుమారు 42 వాట్లు. మరి 300 ఎక్కడిది? లోపలున్న టీపీఏ3255 లాంటి చిప్ తయారీదారు ఇచ్చిన గరిష్ఠ అంకె అది. 50 వోల్టులకు పైగా సరఫరా, 4 ఓంల స్పీకర్, 10 శాతం వక్రీకరణ (టీహెచ్‌డీ, అంటే పాటలో లేనిది ఆంప్లిఫయర్ కలిపేది) ఉంటే వచ్చేది. పెట్టెలో ఇచ్చిన అడాప్టర్‌తో అది జరగదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. అయినా 40 వాట్లు తక్కువేం కాదు, ఆ సంగతి తర్వాత.

కంపెనీది 2×50 అంటున్నారు. కాగితం మీద ఆ అంకె పక్కన ఏముందో చూడండి. "8 ఓంలు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానెళ్లూ ఒకేసారి, టీహెచ్‌డీ 0.07 శాతం" అని ఉంటే అది గట్టి అంకె. మీ 6 ఓంల స్పీకర్లకు ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నియమం పెట్టి, ఇంటి ఆంప్లిఫయర్ల వాట్లను ఎన్ని ఓంలకు, ఏ ఫ్రీక్వెన్సీల మధ్య, ఎంత వక్రీకరణకు అని చెప్పి మరీ ప్రకటించాలంది. మంచి కంపెనీలు ఈనాటికీ ఆ వరసలోనే రాస్తాయి. "6 ఓంలు, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం, ఒక ఛానెల్" అని రాస్తే అది అదే యంత్రాన్ని ఎత్తుపీట మీద నిలబెట్టి కొలవడం. హోం థియేటర్ రిసీవర్ల పెట్టెల మీద 150 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉండి, లోపలి మాన్యువల్లో 80 వాట్లు అని ఉండటానికి ఇదే కారణం. వక్రీకరణను 1 శాతం నుంచి 10 శాతానికి వదిలేస్తే చాలు, వాట్లు పాతిక ముప్పై శాతం పెరిగి కనిపిస్తాయి.

అంటే 200, 300, 50 అన్నవి మీ స్పీకర్ల దగ్గరకొచ్చేసరికి వరసగా 14, 40, 50కి పైన అవుతున్నాయి. ధరల వరస అర్థమైనట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీకు ఎన్ని కావాలి? ఇక్కడ స్పీకర్ వెనకున్న 86 అనే అంకె ఆంప్లిఫయర్ కాగితం మొత్తం కంటే విలువైనది. స్పీకర్‌కి 2.83 వోల్టులు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిస్తే 86 డెసిబెళ్లు వచ్చిందని దాని అర్థం. 2.83 వోల్టులు 8 ఓంలకు 1 వాట్, మీ 6 ఓంలకు 1.33 వాట్లు, 4 ఓంలకు 2 వాట్లు. అందుకే 4 ఓంల స్పీకర్ల సెన్సిటివిటీ (ఈ 86 లాంటి అంకె) కాగితం మీద కాస్త అందంగా కనిపిస్తుంది. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఆ తేడా తీసేసి చూడాలి.

మీ సోఫా స్పీకర్లకు తొమ్మిది అడుగుల దూరంలో ఉందనుకుందాం. ఆరుబయట అయితే ఆ దూరానికి 9 డెసిబెళ్లు పోతాయి. గదిలో గోడలు కొంత తిప్పి పంపుతాయి కనుక 6 తీసేద్దాం. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుపుదాం. ఒక్కో వాట్ ఇస్తే సోఫా దగ్గర సుమారు 83 డెసిబెళ్లు. మామూలుగా ఇంట్లో పాట వినేది 70, 75 డెసిబెళ్ల మధ్య. అంటే ఎక్కువ సేపు మీ ఆంప్లిఫయర్ ఇచ్చేది అయిదో వంతు వాట్ కూడా కాదు. కానీ పాటలో దెబ్బలుంటాయి. మృదంగం తని ఆవర్తనంలోనో, తప్పెటగుళ్లలో చేతులన్నీ ఒక్కసారి పడినప్పుడో సగటు కంటే 15, 20 డెసిబెళ్లు పైకి లేస్తుంది. 75 మీద 20 అంటే 95. 83 నుంచి 95కి 12 డెసిబెళ్లు. ప్రతి 3 డెసిబెళ్లకూ శక్తి రెట్టింపు కావాలి కాబట్టి 2, 4, 8, 16 వాట్లు. ఇంకాస్త జోరుగా వింటే 32.

కనుక 14 వాట్లది మీ ఇంట్లో మామూలుగా బాగానే పాడుతుంది, దెబ్బ పడ్డప్పుడు నలుగుతుంది. 40, 50 రెండూ సరిపోతాయి. ఆ రెండింటి మధ్య తేడా ఒక్క డెసిబెల్, చెవికి తెలిసేది కాదు. 50 నుంచి 100 వాట్లకు వెళ్తే వచ్చేది 3 డెసిబెళ్లే. "రెట్టింపు చప్పుడు" అనిపించాలంటే 10 డెసిబెళ్లు కావాలి, అంటే పది రెట్ల శక్తి. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే ఆంప్లిఫయర్ కాగితం మీద 20 వాట్లదే. క్షణకాలపు దెబ్బలకు అంతకంటే బాగా ఎక్కువ ఇవ్వగలిగేది కనుక లక్షల ఇళ్లలో పాడింది. ఆ గుణాన్నే డైనమిక్ హెడ్‌రూం అంటారు.

మీ హాల్లో నున్నటి టైల్స్, ఒక గోడంతా గాజు కిటికీ అన్నారు. వాట్ల కోసం పెట్టే అదనపు డబ్బులో కొంత ఒక మందపాటి తివాచీ మీద, బరువైన కర్టెన్ల మీద పెట్టండి. మాటలు మసకబారినట్టు వినపడటం చాలా ఇళ్లలో ఆంప్లిఫయర్ తప్పు కాదు, నేలది.

తక్కువ వాట్లు స్పీకర్లను కాల్చవు, ఎక్కువ వాట్లే కాలుస్తాయని ఒక నమ్మకం ఉంది. సగమే నిజం. చిన్న ఆంప్లిఫయర్‌ను దాని హద్దు దాటి తోస్తే అలల తలలు కోసినట్టు చదునవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు సగటు శక్తి పెరుగుతుంది, పైగా పాటలో లేని పై స్వరాలు పుట్టి ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీద పడతాయి. ట్వీటర్ తీగ వెంట్రుకంత సన్నం, కాలిపోయేది అదే. కనుక సూత్రం వాట్లది కాదు, చెవిది. హల్లులు చీరుకుపోయినట్టు, తాళాలు ఇసుక రాల్చినట్టు వినపడగానే నాబ్ వెనక్కి తిప్పండి.

ఓంల విషయంలో మాత్రం పొరపాటు ఖరీదైనది. భోజనాల గది స్పీకర్లు 8 ఓంలన్నారు. స్పీకర్ ఎ, బి అని రెండు జతల స్క్రూలున్న ఆంప్లిఫయర్‌లో రెండూ ఒకేసారి నొక్కితే చాలావాటిలో అవి సమాంతరంగా కలుస్తాయి. 6 ఓంలకు 8 ఓంలు సమాంతరంగా అంటే సుమారు 3.4 ఓంలు. పైగా 6 ఓంలన్నది పేరుకే. కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర అది 4కి, ఇంకా కిందికీ దిగుతుంది. ఆంప్లిఫయర్ వెనక "ఎ+బి: 8 ఓంలు కనీసం" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటే, మీ రెండు జతలూ ఒకేసారి దాని మీద వేయకూడదన్నమాట. వేస్తే ట్రాన్సిస్టర్లు మోయాల్సిన కరెంటు పెరుగుతుంది, వేడెక్కుతుంది, ప్రొటెక్షన్ పడి ఆగిపోతుంది. ప్రొటెక్షన్ లేని అసెంబుల్డ్ సెట్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లే పోతాయి. ఎ ఒకసారి, బి ఒకసారి వాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

కొన్నిటి వెనక 4 ఓంలు, 8 ఓంలు అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని 4 వైపు పెడితే చాలా యంత్రాల్లో జరిగేది లోపలి వోల్టేజీ తగ్గడమే. వేడి తగ్గుతుంది నిజమే, ఇవ్వగల శక్తీ తగ్గుతుంది. మీ ఒక్క జతకు 8 దగ్గరే ఉంచి, గంట గట్టిగా పాడించి, పైమూత మీద అరచేయి ఆనించగలిగితే దాని జోలికి పోనక్కర్లేదు.

డాంపింగ్ ఫాక్టర్ 400 అని గొప్పగా రాస్తారు. స్పీకర్ ఓంలను ఆంప్లిఫయర్ లోపలి ఔట్‌పుట్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది అది. వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కదిలాక దాన్ని ఎంత గట్టిగా పట్టి ఆపగలదో చెబుతుంది. కానీ మధ్యలో వైరుంది కదా. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు సుమారు 0.008 ఓం. అయిదు మీటర్ల దూరమంటే రానూ పోనూ పది మీటర్లు, 0.08 ఓం. 6ను దాంతో భాగిస్తే 75. ఆంప్లిఫయర్ 400 అయినా 4000 అయినా మీ స్పీకర్ దగ్గర 75 దాటదు. 20 దాటితే చాలు కనుక ఈ అంకె చూసి కొనడం, ఈ అంకె చూసి మానేయడం రెండూ వృథా.

వైరు మీదే కాస్త శ్రద్ధ పెట్టండి. అయిదు మీటర్లకు ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం, భోజనాల గది దాకా పది మీటర్లు దాటితే రెండున్నర. ఎలక్ట్రికల్ షాపులో దొరికే సన్నపోగుల రాగి వైరు చాలు. స్పీకర్ వైరు పేరుతో చవగ్గా అమ్మే వాటిలో అల్యూమినియం పోగులకు రాగి పూత పూసినవి ఉంటాయి. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. దాని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు. అంతకంటే పెద్ద తంటా, మన సముద్రపు గాలికి స్క్రూ దగ్గర పోగులు పొడిపొడి అయిపోతాయి.

ఆంప్లిఫయర్లలో క్లాస్ ఎ, ఎబి, డి అనే రకాల గురించి ఎక్కువ చెప్పను. ఎ అంటే ఎప్పుడూ పూర్తి కరెంటు పారుతూనే ఉంటుంది, పాట లేకపోయినా వేడి. వైజాగ్ మే నెలలో ఏసీ లేని హాల్లో దాని అవసరం ఎవరికీ లేదు. ఎబి మధ్యేమార్గం. డి అంటే డిజిటల్ కాదు. ట్రాన్సిస్టర్లు స్విచ్‌లా సెకనుకు లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి, వేడి చాలా తక్కువ. చవక డి డబ్బాల్లో ఒక లోపం ఉంది. చివర్లో ఉండే ఫిల్టర్ తీగచుట్ట, కెపాసిటర్ ఫలానా ఓంలకే సరిపోయేలా ఉంటాయి. స్పీకర్ ఓంలు అటూ ఇటూ అయితే పై స్వరాలు ఒకటి రెండు డెసిబెళ్లు లేస్తాయి లేదా పడతాయి. ఫిల్టర్ తర్వాత నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే (అక్కడి సిగ్నల్‌ను వెనక్కి తెచ్చి సరిచూసుకునే) డిజైన్లలో ఈ బాధ ఉండదు.

టీహెచ్‌డీ 0.07 శాతమా, 0.007 శాతమా అన్న తేడాను పాటలో పట్టుకోవడం కష్టం. స్పీకర్లే అంతకు ఎన్నో రెట్లు వక్రీకరణ కలుపుతాయి. ఎస్ఎన్ఆర్ (పాటకూ వెనక వినపడే బుసకూ మధ్య తేడా) లైన్ ఇన్‌పుట్లకు 95 డెసిబెళ్లు దాటితే, ఫోనోకి (రికార్డ్ ప్లేయర్ గుచ్చే ఇన్‌పుట్) 75, 80 ఉంటే సరి.

ఇక రికార్డ్ ప్లేయర్. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఆంప్లిఫయర్ వెనక సీడీ, ఆక్స్, ట్యూనర్, టేప్ అని ఎన్ని పేర్లున్నా అవన్నీ ఒకటే, లైన్ ఇన్‌పుట్లు. వాటికి 2 వోల్టుల దాకా సిగ్నల్ వస్తుంది. ఫోనో మాత్రం వేరే జాతి. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్) రకం కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టుకుని ఉండే ముక్క, ఇచ్చేది 2.5 నుంచి 5 మిల్లీవోల్టులు. దాన్ని వంద రెట్లు పెంచితే గానీ లైన్ స్థాయికి రాదు. పెంచడం ఒక్కటే కాదు. రికార్డు కోసేటప్పుడు బేస్‌ను బాగా తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి కోస్తారు. తగ్గించకపోతే గాడి మరీ వెడల్పై, ఒక వైపు పట్టాల్సిన పాటలు పట్టవు. 20 హెర్ట్జ్ దగ్గర సుమారు 20 డెసిబెళ్లు తగ్గింపు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే పెంపు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. ఆ తిరగేసే సర్క్యూట్‌నే ఆర్‌ఐఏఏ ఈక్వలైజేషన్ అంటారు, ఫోనో ఇన్‌పుట్ లోపల ఉండేది అదే.

ఇది తెలిస్తే లోపం పట్టుకోవడం సులువు. నాబ్ చివరిదాకా తిప్పినా పాట దూరంగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు బేస్ లేకుండా ఉంటే ప్లేయర్‌ను లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చారన్నమాట. నాబ్ కొంచెం తిప్పగానే హోరెత్తి, బేస్ బురబురలాడుతూ చీరుకుపోతుంటే పెంపు రెండుసార్లు జరుగుతోంది. ఈ మధ్య వచ్చే ప్లేయర్లలో చాలావాటి లోపలే ఫోనో ప్రీఆంప్ ఉంటుంది. వెనక ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది లైన్ మీద ఉంటే ఆంప్లిఫయర్ ఆక్స్‌లో, ఫోనో మీద ఉంటే ఆంప్లిఫయర్ ఫోనోలో గుచ్చాలి. సన్నటి ఎర్త్ తీగ ఒకటి విడిగా వస్తుంది, దాన్ని ఫోనో పక్కనున్న స్క్రూకి బిగించకపోతే గుయ్‌మని మోత. ఎంసీ (మూవింగ్ కాయిల్) అన్నది మరో రకం కార్ట్రిడ్జ్, చాలావరకు అర మిల్లీవోల్టు కూడా ఇవ్వదు. మీ ప్లేయర్ ధరను బట్టి చూస్తే ఎంఎం అయ్యుంటుంది కనుక ఎంసీ ఉన్న ఆంప్లిఫయర్‌కి అదనంగా ఇవ్వకండి. అసలు మీ ప్లేయర్ లోపలే ప్రీఆంప్ ఉంటే ఫోనో లేని ఆంప్లిఫయర్ అయినా నడుస్తుంది.

టీవీకి రెండు దారులు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే ఆంప్లిఫయర్‌కి పంపే దారి) ఉంటే టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. లేకపోతే ఆప్టికల్, దీన్లో చాలా టీవీలు వాల్యూమ్‌ను స్థిరంగా పంపుతాయి కనుక ఆంప్లిఫయర్ రిమోట్ వాడాలి. ఏది వాడినా టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను పీసీఎంకు మార్చాలి. ఆటో లేదా డాల్బీ అని వదిలేస్తే సీరియల్ వినపడి సినిమా పెట్టగానే నిశ్శబ్దం. రెండు ఛానెళ్ల ఆంప్లిఫయర్లు సాధారణంగా డాల్బీ సంకేతాన్ని విప్పలేవు. ఆంప్లిఫయర్ పాడైందని వెనక్కి పంపేవాళ్లలో కొందరికి నిజంగా కావాల్సింది ఈ ఒక్క సెట్టింగు.

ప్రీ అవుట్ అంటే వాల్యూమ్ నాబ్ దాటాక, పవర్ భాగానికి ముందు సిగ్నల్ బయటికి వచ్చే చోటు. తర్వాత ఎప్పుడైనా సబ్‌వూఫర్‌గానీ వేరే పవర్ ఆంప్లిఫయర్‌గానీ కలపడానికి. పాత సెట్లలో ప్రీ అవుట్, మెయిన్ ఇన్ మధ్య యూ ఆకారపు లోహపు ముక్కలుంటాయి. అవి ఊడితే ఒక్క శబ్దమూ రాదు, వదులైతే ఒక పక్క వచ్చి పోతుంటుంది. టేప్ మానిటర్ (టేప్ డెక్ నుంచి వినే) బటన్ పొరపాటున నొక్కి ఉన్నా ఇదే నిశ్శబ్దం. సెకండ్‌హ్యాండ్ సెట్ "పనిచేయట్లేదు" అంటే ముందు ఈ రెండూ చూడాలి.

లౌడ్‌నెస్ బటన్ గట్టిగా వినడానికి కాదు, మెల్లగా వినడానికి. శబ్దం తగ్గేకొద్దీ చెవి బేస్‌ను ఎక్కువగా వదిలేస్తుందని ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పిల్లలు పడుకున్నాక మెల్లగా వినేటప్పుడు లౌడ్‌నెస్ ఆ లోటు పూడుస్తుంది. నాబ్ పెంచాక తీసేయాలి. లెక్క చూడండి: బేస్ 10 డెసిబెళ్లు పెంచితే అక్కడ పది రెట్ల శక్తి కావాలి. మెల్లగా వినేటప్పుడు 0.1 వాట్ 1 వాట్ అవుతుంది, పర్వాలేదు. 16 వాట్ల దెబ్బ 160 వాట్లు కావాలంటే మీ 50 వాట్లది తల బాదుకుంటుంది. బేస్ నాబ్ పూర్తిగా తిప్పినా ఇంతే. సోర్స్ డైరెక్ట్ నొక్కితే బేస్, ట్రెబుల్, బ్యాలెన్స్ సర్క్యూట్లన్నీ పక్కకు తప్పుకుంటాయి. దాన్ని మర్చిపోయి నొక్కి ఉంచి, బేస్ నాబ్ పనిచేయట్లేదని కంగారు పడకండి.

వాల్యూమ్ నాబ్ మీద 12 గంటల స్థానం సగం శక్తి కాదు. లైన్ ఇన్‌పుట్‌కి 200 నుంచి 500 మిల్లీవోల్టులు వస్తే చాలు, నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆంప్లిఫయర్ పూర్తి శక్తి ఇచ్చేలా కడతారు. సీడీ ప్లేయర్ 2 వోల్టులు పంపుతుంది. అందుకే 11 గంటల దగ్గరే పూర్తి వాట్లు అయిపోవచ్చు. కొంచెం తిప్పగానే మోగిపోతోంది కాబట్టి చాలా పవరున్న సెట్ అని షాపులో అంటే నమ్మకండి. అది ఇన్‌పుట్ సెన్సిటివిటీ సంగతి.

ఇప్పుడు మన ఊరి సంగతులు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ, ఎక్కడైనా సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉప్పూ తేమా లోహాన్ని తినేస్తాయి. ముందుగా పోయేది ఆంప్లిఫయర్ కాదు, దాని కాంటాక్టులు. స్విచ్ వేశాక మూడు నుంచి అయిదు సెకన్లకు టక్కుమనే శబ్దం స్పీకర్ రిలేది (స్పీకర్‌ను తనంత తానే కలిపే స్విచ్). దాని కాంటాక్టులు నల్లబడితే మెల్లగా పెట్టినప్పుడు ఒక స్పీకర్ మూగబోయి, నాబ్ పెంచగానే ఠక్కున తిరిగొస్తుంది. దీనికి బోర్డు మార్చమంటారు కొందరు. రిలే ఒక్కటే మారిస్తే చాలు. నాబ్ తిప్పితే గరగరమంటే ప్లగ్గు తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి, ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వాడొద్దు, అది జిడ్డు వదిలి దుమ్ము పట్టిస్తుంది. ఆర్నెల్లకోసారి అన్ని ఆర్‌సీఏ పిన్నులూ (వెనక ఇన్‌పుట్లలో గుచ్చేవి) తీసి మళ్లీ గుచ్చితే పైపొర రాసుకుపోతుంది. స్పీకర్ వైరు కొనలు పచ్చబడితే అంగుళం కత్తిరించి కొత్తగా ఒలవండి. సెట్‌ను టీవీ యూనిట్ అరలో తలుపు మూసి పెట్టకండి, ఎబి రకానికి పైన కనీసం నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి.

వోల్టేజీ పడితే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ సెట్లలో శక్తి కూడా పడుతుంది. 230 కాస్తా 200 అయితే లోపలి వోల్టేజీ 13 శాతం, వాట్లు పాతిక శాతం దాకా తగ్గుతాయి. దానికోసం స్టెబిలైజర్ అక్కర్లేదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపితే మాత్రం అది ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గీపెడుతుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే సెట్ల వెనక 120 వోల్టులు అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు గుచ్చొద్దు. జపాన్‌వి 100 వోల్టులు. తుపాను, పిడుగుల రోజుల్లో పవర్ ప్లగ్గుతో పాటు కేబుల్ టీవీ వైరు కూడా తీసేయాలి. పిడుగు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది.

గుయ్‌మనే మోత వస్తే వరసగా వెతకండి. ఇన్‌పుట్లన్నీ పీకేసి స్పీకర్లు మాత్రమే ఉంచండి. అప్పటికీ మోత ఉంటే లోపం లోపలే, ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లు. పోతే ఒక్కొక్కటే తిరిగి గుచ్చుతూ రండి. సెట్‌టాప్ బాక్సు గుచ్చగానే మోత మొదలైతే కేబుల్ వాళ్ల వైరు ఎర్తూ, మీ ఇంటి ఎర్తూ కలిసి వలయం కట్టాయన్నమాట. ప్లగ్గుకున్న మూడో పిన్ను (ఎర్త్‌ది) విరగ్గొట్టడం మందు కాదు, ప్రాణాపాయం. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ వేయండి. అందులో వెళ్లేది వెలుతురే కనుక ఆ వలయం తెగిపోతుంది.

మీ మూడింటిలో నా ఓటు 2×50కే, ఫోనో, ఆప్టికల్ రెండూ దాని వెనక ఉంటే. బడ్జెట్ బిగుతుగా ఉంటే ఆ చిన్న డబ్బా కూడా మీ హాలుకు చాలు. రెండో స్పీకర్ల జత ఆశ వదులుకోవాలి, రికార్డ్ ప్లేయర్‌లో ప్రీఆంప్ ఉందో లేదో చూసుకోవాలి, అంతే. మెకానిక్ దగ్గరే కట్టించుకోవాలనుకుంటే 24-0-24 అడగండి, డీసీ ప్రొటెక్షన్ (లోపం వల్ల డీసీ వస్తే స్పీకర్‌ను విడదీసేది) ఉన్న స్పీకర్ రిలే బోర్డు అడగండి. డబ్బు ఇచ్చేముందు స్పీకర్లు తగిలించకుండా, నాబ్ సున్నాలో పెట్టి, అయిదు నిమిషాలు ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్‌ను డీసీ మిల్లీవోల్టులకు తిప్పి ఒక్కో ఛానెల్ స్పీకర్ స్క్రూల మధ్య కొలవండి. 50 లోపు ఉంటే తీసుకోవచ్చు. 100 దాటితే సరిచేశాకే మళ్లీ చూపించమనండి. వోల్టుల్లో కనిపిస్తే మాత్రం మీ స్పీకర్లను దాని దగ్గరికే తీసుకెళ్లకండి.